పక్క కాగితం

"…అడిగింది కుర్చీయేగా! నీ ఆస్తిలో వాటా అడిగినట్టు ఎందుకంత గింజుకుంటావ్?"

"ఆ మూల ఇంకో కుర్చీ ఉంది కదా, దానికేమైనా ముళ్ళున్నాయా? పోయిన బుధవారమూ ఇదే గొడవ. ఇది కొనుగోళ్ళ ఆఫీసరు గారి చోటు. ఆయనొచ్చి నిలబడితే తిట్లు తినేది నువ్వు కాదు, నేను."

"తిట్లు తినడం నీకు కొత్తా? సగం జీతం దానికేగా నీకిచ్చేది."

"నోరు చూడు, నోరు! అందుకే నిన్ను తీసుకెళ్ళి ఆ మిషన్ల మధ్య పడేశారు, ఎవరికీ వినపడకుండా."

లోపల తగువు పడుతున్నది రెండో వైండింగ్ షెడ్డు మేస్త్రి, టీలు అందించే అటెండరు. తలుపు బయట, చంకలో రెండు నోటుపుస్తకాలు ఇరికించుకుని నిలబడి విన్నది మినిట్స్ మేడమ్. బుధవారం మీటింగుకు ఇంకా పది నిమిషాలుంది.

ఆమె వెంటనే లోపలికి వెళ్ళలేదు. మీటింగులో ఎవరు ఏం మాట్లాడారన్నది అందరూ వింటారు. మాట్లాడటానికి ముందు ఏ కుర్చీ కోసం పట్టుబట్టారో గమనించేది తానొక్కతే అని ఆమెకు కొంచెం గర్వం. మేస్త్రి కోరుకున్నది కిటికీకి వీపు పెట్టి కూర్చునే కుర్చీ. అందులో కూర్చున్న మనిషి ముఖం నీడలో ఉంటుంది, ఎదుటివాళ్ళ ముఖాల మీద వెలుగు పడుతుంది. బల్లకు అవతల సరిగ్గా ఎదురుగా యూనియన్ నాయకుడు కూర్చుంటాడు. మూడు వారాలుగా మేస్త్రిది ఇదే కుర్చీ. తగువు ముగిసే లోపలే ఆ సంగతి ఆమె బుర్రలో ఒక వాక్యంగా తయారైంది: తాను కనపడకుండా అందరినీ చూడాలనుకునే మనిషి.

నూలు మిల్లులో ఆమె ముప్పై రెండేళ్ళ కిందట టైపిస్టుగా చేరింది. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది. మిగతా అందరికీ ఆమె మినిట్స్ మేడమ్, వెనకాల ఎక్స్‌రే. మీటింగు గదిలో ఆమె కుర్చీ బల్ల దగ్గర ఉండదు. బల్లకు తలవైపు కూర్చునే మేనేజరుకు వెనక, గోడవారగా ఉంటుంది. అక్కణ్ణుంచి పదకొండు మంది ముఖాలు కనపడతాయి. మేనేజరుది మాత్రం మెడ, రెండు చెవులు, బట్టతల మొదలైన చోటు కనపడతాయి.

రెండు నోటుపుస్తకాల్లో పెద్దది మినిట్స్‌ది. ఏ అంశం మీద ఎవరు ఏమన్నారు, ఏం నిర్ణయమైంది, అంతే. చిన్నదాంట్లోంచి ప్రతి బుధవారం సాయంత్రం ఒక కాగితం చింపి, మడత పెట్టి, మేనేజరు బల్ల మీద పేపర్ వెయిట్ కింద పెడుతుంది. దానికి పేరు లేదు. ఆయన "పక్క కాగితం" అనేవాడు, ఆమెకూ అదే అలవాటైంది.

అది మొదలై పంతొమ్మిదేళ్ళు. ఈ మేనేజరు కొత్తగా వచ్చిన వారం, మొదటి మీటింగు అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, కుర్చీలోంచి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పదకొండు మందీ సరేనన్నారు. నిజంగా సరేనన్నది ఎంతమంది?"

"నలుగురు సార్."

ఆయన అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. "ఎలా చెప్పగలరు?"

"స్టోర్స్ ఆయన సరేనన్నాడు గానీ పాదాలు తలుపు వైపు తిప్పి కూర్చున్నాడు. లెక్కల ఆఫీసరు మాట్లాడుతూ కాగితం మీద గళ్ళు గీశాడు, మీరు ఆపమన్నాక కూడా ఆపలేదు. క్వాలిటీ ఆయన సరే అనే ముందు గొంతు సవరించుకున్నాడు, నిజం చెప్పేటప్పుడు ఆయన సవరించుకోడు."

"రాసివ్వండి."

రాసిచ్చింది. నెల తిరక్కముందే ఆమె లెక్క ప్రకారమే ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు అడ్డం తిరిగారు. ఆ తర్వాత ఆయన ఏ మీటింగూ ఆమె లేకుండా పెట్టలేదు. ఆమెకు ఒంట్లో బాగుండకపోతే మీటింగే వాయిదా పడేది.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. తండ్రి ముక్కోపి. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చప్పుడును బట్టి పిల్లలు ఆ పూట ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి. రెండూ ఒకేసారి పడితే ఫరవాలేదు. ఒకటి పడి, ఆగి, రెండోది పడితే తమ్ముణ్ణి తీసుకుని పెరట్లోకి పోవాలి. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఉన్న నిశ్శబ్దాన్ని కొలవడం ఆమెకు ఏడేళ్ళకే వచ్చు. తమ్ముడికి రాలేదు. వాడు దెబ్బలు తిన్నాడు.

పెళ్ళి కాలేదు. ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు, ముగ్గురినీ ఆమే వద్దంది. ఒకడు మంచినీళ్ళిచ్చిన మనిషి ముఖం చూడలేదు. ఒకడు అడిగిన ప్రతి మాటకూ తల్లి వైపు చూశాడు. మూడోవాడిలో ఏం తప్పుందో ఇప్పుడు ఆమెకు గుర్తులేదు. తమ్ముడింట్లోనే ఉంటుంది. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్. మరదలు బట్టలు కుడుతుంది. వైండింగ్ మేస్త్రి ఆ మరదలికి సొంత అన్న. తనకంటే మూడేళ్ళు పెద్దదని, చెల్లెలి ఆడపడుచని ఆమెను "వదినగారూ" అని పిలుస్తాడు. ఇంటికొస్తే వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడతాడు, ఇంకొకళ్ళకు సందివ్వడు. ఒకసారి నవ్వుతూ అన్నాడు: "వదినగారి ముందు కాలు మీద కాలేసుకోవాలన్నా భయమే. రేపు మేనేజరు పిలిచి, నీ కుడికాలుకి కంపెనీ మీద కోపమటగా అంటాడు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ ఆ మాట నవ్వించడానికి అన్నది కాదని గమనించింది.

మిల్లులో మనుషులు ఆమెను చూస్తే చేతులు జేబుల్లో పెట్టుకునేవారు. పొట్టి గుమస్తా ఒకడు మాత్రం వరండాలో ఆమె వెంటపడేవాడు. "మేడమ్, మా ఆఫీసరు ఇవాళ సెలవిస్తాడా?" ఆమె అద్దం తలుపులోంచి ఒకసారి చూసి, "టీ తాగాక అడుగు. ఇప్పుడు చొక్కా పై గుండీ విప్పుకుని ఉన్నాడు" అనేది. వాడికి సెలవు దొరికేది.

ఆ బుధవారం మేనేజరు పెద్దగా ఉపోద్ఘాతం లేకుండా చెప్పాడు. ఆర్డర్లు తగ్గాయి. కండెల మీద నూలును పెద్ద కోన్ల మీదకు చుట్టే వైండింగ్ షెడ్లు రెండున్నాయి, వచ్చే నెల నుంచి ఒకటే ఉంటుంది. మేస్త్రీలు ఇద్దరున్నారు, ఒక్కరే ఉంటారు. ఉద్యోగం మిగిలినవాళ్ళకే కంపెనీ క్వార్టరు ఉంటుంది. ఎవరన్నది వచ్చే బుధవారం ప్రకటిస్తారు.

"ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే ఇప్పుడు చెప్పండి."

మొదటి షెడ్డు మేస్త్రి పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. చేతులు బల్ల కిందకు దించుకున్నాడు. భయపడుతున్నాడు, అంతకుమించి ఏమీ లేదనుకుంది ఆమె. తర్వాత నాయకుడు మాట్లాడాడు. పోట్లాడబోయే ముందు నవ్వడం ఆయన అలవాటు, నవ్వాడు. ఆయన నవ్విన ఒక క్షణం తర్వాత రెండో షెడ్డు మేస్త్రి నవ్వాడు. నాయకుడు తల అడ్డంగా ఊపాడు. ఒక క్షణం తర్వాత మేస్త్రి తల అడ్డంగా ఊగింది. మేనేజరు మాట్లాడుతుంటే మేస్త్రి ఆయన కళ్ళలోకి చూడలేదు, నోటి వంక చూస్తూ కూర్చున్నాడు, మాట తప్పితే పట్టుకుందామన్నట్టు. నాయకుడు మొదలుపెట్టగానే ముఖం విప్పారింది. గంటసేపట్లో ఆ ఇద్దరి మధ్యా ఇలా పద్నాలుగుసార్లు జరిగింది. ఆమె లెక్కపెట్టింది.

సాయంత్రం పక్క కాగితంలో రాసింది:

"రెండో షెడ్డు మేస్త్రి స్వయంగా ఏమీ అనలేదు. నాయకుడు నవ్వితే నవ్వుతున్నాడు, కాదంటే కాదంటున్నాడు. ఆయన ముఖం చూడకుండా దేనికీ తలూపడం లేదు. మూడు వారాలుగా ఆయనకు ఎదురు కుర్చీ కోసం గొడవపడి మరీ కూర్చుంటున్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వస్తున్నారు."

మేనేజరు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఇతను మీ బంధువు కదా మేడమ్?"

"కాగితం మీద బంధువులు ఉండరు సార్."

"అదే మీ గొప్పతనం," అన్నాడాయన. ఆ మాట ఆమెకు ఇంటిదాకా తోడొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మరదలు కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఉంది. తమ్ముడు డ్యూటీకి వెళ్ళాడు. ఆమె వంటగట్టు సర్దుతోంది.

"వదినా, బుధవారం అన్నయ్య సంగతి ఏమవుతుందంటావ్?"

"నాకేం తెలుసు. మేనేజరు చెప్పేదాకా ఎవరికీ తెలీదు."

మిషన్ ఆగింది. "ఆ గిన్నెకి మూత పెట్టావు, తీశావు, మళ్ళీ పెట్టావు. ఏం రాశావు?"

"నేనెప్పుడూ లేనిది రాయను."

"ఉన్నది ఏం రాశావు మరి?"

"నాయకుడు ఎటు తలూపితే మీ అన్నయ్య అటు తలూపుతున్నాడు. అదే రాశాను. గదిలో ఉన్న ఎవరినైనా అడుగు, అబద్ధమేమో."

మరదలు సూదిలోంచి దారం లాగి, తుంచి, వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"వినపడదు వదినా అన్నయ్యకి."

"ఏం వినపడదు?"

"ఏమీ వినపడదు. ఎడమ చెవి పోయి ఎనిమిదేళ్ళయింది. కుడిది ఉన్నా లేనట్టే. ముప్పై ఏళ్ళు ఆ మిషన్ల మోతలో నిలబడితే ఏం మిగులుతుంది? పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మేనేజరు పళ్ళు బిగబట్టి మాట్లాడతాడట, ఒక్క ముక్క అర్థం కాదట. నాయకుడు నోరంతా తెరిచి మాట్లాడతాడు, అందుకని ఆయన్ని చూసి గడుపుకొస్తాడు. ఆయన నవ్వితే ఏదో నవ్వే మాట అయ్యుంటుందని నవ్వుతాడు. వెలుగు ఎదుటివాళ్ళ ముఖాల మీద పడి పెదాలు కనపడతాయని ఆ కుర్చీ కోసం పోట్లాడతాడు. అన్నయ్య భార్య చెబితే నాకు తెలిసింది."

"పన్నెండేళ్ళుగా మనింటికొస్తున్నాడు. నాకెందుకు చెప్పలేదు?"

మరదలు తలెత్తి చూసింది. "నీకెలా చెప్తాం వదినా? నీకు చెబితే కాగితమెక్కుతుంది కదా."

సోమవారం ఆమె రెండో వైండింగ్ షెడ్డుకు వెళ్ళింది. ముప్పై రెండేళ్ళలో షెడ్డు తలుపు దాకా చాలాసార్లు వెళ్ళింది, మోతకు చెవులు మూసుకుని కాగితం అందించి తిరిగొచ్చేసింది. లోపలికి అడుగుపెట్టడం ఇదే మొదలు. మోత చెవుల్లో కాదు, పళ్ళలో, పక్కటెముకల్లో వినపడింది. పొడుగ్గా వరసలు కట్టిన మిషన్లు, వాటి మధ్య ముప్పై మంది ఆడవాళ్ళు. గాల్లో దూది పొడి.

ఆ ముప్పై మందీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. గొంతుతో కాదు. ఒకావిడ పెదాలను పెద్దగా కదిలిస్తోంది, నాలుగు మిషన్ల అవతల ఇంకొకావిడ జవాబు చెబుతోంది. రెండు వేళ్ళు గాల్లో తిప్పితే దారం తెగిందని. అరచెయ్యి బోర్లిస్తే మిషన్ ఆపమని. భుజం మీద రెండుసార్లు తడితే మేస్త్రి పిలుస్తున్నాడని. ఆ చివర మేస్త్రి నిలబడి బుగ్గలు పూరించి, పొట్ట ముందుకు తోసి నడిచి చూపించాడు. ఎనిమిది మంది పడీపడీ నవ్వారు. అది కొనుగోళ్ళ ఆఫీసరని ఆమెకు కూడా తెలిసింది. మిషన్ వైపు తిరిగి ఉన్న ఒక పిల్ల జడ చక్రానికి దగ్గరగా వెళ్ళింది. మేస్త్రి పరుగెత్తలేదు, అరవలేదు. ఎదురు వరసలో ఉన్నావిడకు ఒక చెయ్యి ఎత్తి చూపాడు. ఆవిడ ఆ పిల్ల జడ పట్టి వెనక్కి లాగింది. అంతా రెండు క్షణాల్లో అయిపోయింది.

షెడ్డువాళ్ళ గురించి పంతొమ్మిదేళ్ళుగా తాను రాసినవి ఆమెకు గుర్తొచ్చాయి. మీదమీదకు వచ్చి మాట్లాడతారు. కళ్ళలోకి చూడరు, నోటి వంక చూస్తారు. చేతులు ఎక్కువ తిప్పుతారు, ఇది తిరగబడే స్వభావం. ఆ మాటల మీద ఇళ్ళకు పోయినవాళ్ళు ముగ్గురున్నారు. ఇద్దరి ముఖాలు గుర్తున్నాయి.

మేస్త్రి ఆమెను చూసి వచ్చి ఎదురుగా నిలబడి పెదాలు కదిపాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ, చిన్నపిల్లలకు చెప్పినట్టు, ఒక్కొక్క అక్షరం కదిపాడు. అప్పుడు తెలిసింది: "దారి తప్పారా వదినగారూ?"

బయట మెట్ల దగ్గర నిలబడ్డారు. ఆమె అతని ముఖానికి ఎదురుగా నిలబడింది.

"చెల్లెలు చెప్పేసిందా?" అన్నాడు. "దాని కడుపులో మాట దాగదు."

"నేను రాసింది తప్పు. రేపు వెళ్ళి కాగితం వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోండి. తీసుకోకపోయినా సరే. యూనియన్ మనిషని తీసేస్తే నాయకుడు గేటు దగ్గర నాలుగు రోజులు అరుస్తాడు, ఏదో ఒకటి తేలుతుంది. చెవుల మాట మాత్రం ఎత్తకండి. చెవిటివాడి కోసం ఎవడూ గేటు దగ్గర కూర్చోడు వదినగారూ. రూలుబుక్కులో రాసి ఉంది, వినపడనివాడు మిషన్ దగ్గర ఉండకూడదని. ఆ పూటే బయటికి."

"ఎత్తను."

"నోటితో అనడం కాదు."

"ఒట్టు," అంది.

మంగళవారం మేనేజరు ఆమెను కూర్చోమన్నాడు. ఆయన గదిలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. కాగితం పెట్టి, నిలబడి, రెండు మాటలు చెప్పి వచ్చేసేది. ఆయన ముఖానికి ఎదురుగా, బల్లకు ఇవతల కూర్చోవడం కొత్తగా ఉంది. పై పెదవి మీద ఒక గాటు ఉందని అప్పుడే చూసింది.

"పోయిన వారం కాగితంలో ఒక ముక్క తప్పు రాశాను సార్. రెండో షెడ్డు మేస్త్రి గురించి. అది లెక్కలోకి తీసుకోకండి."

"అతను నాయకుడి వైపు చూడలేదా?"

"చూశాడు."

"ఆయన నవ్వితే నవ్వలేదా?"

"నవ్వాడు."

"మరి తప్పెక్కడుంది?"

"చూసింది తప్పు కాదు సార్. దాని అర్థం అది కాదు."

"ఇంకేంటి అర్థం?"

ఆమె పేపర్ వెయిట్ వంక చూసింది. 

"పంతొమ్మిదేళ్ళుగా మీ రాత చదువుతున్నాను మేడమ్. చదివి చదివి నాకూ కాస్త అబ్బింది. వచ్చినప్పట్నుంచీ మీ సంచీ ఒళ్ళోంచి దింపలేదు. పేపర్ వెయిట్‌తో మాట్లాడుతున్నారు, నాతో కాదు. ఇలాంటి మనిషి గురించి మీరైతే ఏం రాస్తారు?"

"ఏదో దాస్తున్నారని రాస్తాను."

"అది. ఇంట్లో ఏడుపులు మొదలై ఉంటాయి, మరదలి అన్న కదా. నేను తప్పుపట్టను. కానీ యూనియన్ చెప్పుచేతల్లో ఉన్న మనిషికి ఉన్న ఒక్క షెడ్డూ అప్పగించలేను. రేపు మొదటి షెడ్డు ఆయన పేరు చదువుతాను. ఇంకేమైనా కారణం ఉంటే చెప్పండి. అతను నాయకుడి మనిషి కాదని నాకు నమ్మకం కుదిరితే, పని తెలిసినవాడు, అతన్నే ఉంచుతాను."

అని వెనక్కి ఆనుకున్నాడు. చేతులు బల్ల మీద వెల్లకిలా ఉన్నాయి. నుదుటి మీద ముడత విడిపోయింది. భుజాలు దిగాయి. ఆ పదకొండు మందిలో ఎవరిలో ఇది చూసినా ఆమె నిస్సందేహంగా ఒకే మాట రాసేది: మెత్తబడ్డాడు.

ఒట్టు గుర్తుంది. కానీ ఎదురుగా ఉన్న ముఖాన్ని ఆమె చదివింది, ఆ చదువు మీద ఆమెకున్న నమ్మకం ముందు ఒట్టు చిన్నదైపోయింది.

"అతనికి వినపడదు సార్," అంది.

అంతా చెప్పింది. కుర్చీ, వెలుగు, పెదాలు, ఎనిమిదేళ్ళు. షెడ్డులో తాను చూసిన జడ సంగతి కూడా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని, పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పి మంచి పని చేశారు. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. అతన్ని తీస్తే నాయకుడు గేటు మూయిస్తాడని. దీనికైతే ఎవరూ నోరెత్తలేరు."

ఆ ముఖం మెత్తబడటం కాదని, బరువు దిగడమని ఆమెకు అప్పుడు తెలిసింది.

"సార్, ముప్పై ఏళ్ళలో ఆ షెడ్డులో ఒక్కరికి వేలు కూడా తెగలేదు."

"అదృష్టం. అదృష్టం మీద మిల్లు నడవదు కదా." గంట కొట్టి అటెండరును పిలిచాడు. "డాక్టరు గారిని రేపు పొద్దున తొమ్మిదింటికి రమ్మను."

"సార్, ఇది నేను చెప్పినట్టు…"

"మీ పేరు ఎక్కడా రాదు మేడమ్. ఎప్పుడైనా వచ్చిందా?"

బుధవారం పొద్దున మిల్లు డాక్టరు మేస్త్రిని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. వెనక నుంచి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. చివర ఇనప స్టూలు ఒకటి కిందకు తోశాడు. మేస్త్రి గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఈ సంగతి మధ్యాహ్నానికి మిల్లంతా తెలిసింది, చెప్పింది అటెండరు. చెబుతూ ఏడ్చాడట.

మీటింగుకు ముందు వరండాలో మేస్త్రి ఆమెకు ఎదురయ్యాడు. ఇంకెవరూ లేరు. ఆమె ఆగి, ముఖం అతని వైపు తిప్పి, "నేను మంచికే అనుకుని…" అంది. అతను ఆమె పెదాల వంక చూడలేదు. కళ్ళలోకి చూశాడు.

"జరగండి మేడమ్," అన్నాడు.

మీటింగు సమయానికి మొదలైంది. కరెంటు బిల్లు, దూది బేళ్ళ నాణ్యత, స్టోర్స్ తాళాలు. నాయకుడు నవ్వలేదు. ఒకసారి మేస్త్రి వైపు చూసి, ఎదుట ఉన్న కాగితాలు సర్దుకున్నాడు. మొదటి షెడ్డు మేస్త్రి చేతులు ఇవాళ బల్ల మీదే ఉన్నాయి. చిన్న నోటుపుస్తకం ఆమె ఒళ్ళో మూసే ఉంది.

నాలుగో అంశం దగ్గర మేనేజరు తన ముందున్న ఫైలులోకి చూస్తూ, పళ్ళు విప్పకుండా ఏదో అన్నాడు. వైండింగ్ అని, డాక్టరు నివేదిక అని వినపడింది. మేస్త్రి ముఖం ముందుకొచ్చింది. అతను మేనేజరు నోటి వంక చూశాడు, నాయకుడి వంక చూశాడు, ఆయన తల వంచుకుని ఉన్నాడు. పక్కన ఉన్న లెక్కల ఆఫీసరు వంక చూశాడు, అతను గళ్ళు గీస్తున్నాడు. ఆ బల్ల చుట్టూ ఒక్క పెదవి కూడా అతని వైపు తిరిగి లేదు.

"తీర్మానం మీరు చదవండి మేడమ్," అన్నాడు మేనేజరు. "పొద్దున టైపు చేసింది మీరే కదా."

ఆమె లేచింది. గోడ దగ్గర నుంచి బల్ల పక్కకు వచ్చి, వెలుగు తన ముఖం మీద పడే చోట నిలబడింది. కాగితంలోకి ఒకసారి చూసి, దాన్ని దించి, రెండో షెడ్డు మేస్త్రి వైపు తిరిగి, ఒక్కొక్క మాటకూ నోరు పూర్తిగా తెరుస్తూ, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది.

"రెండో షెడ్డు మేస్త్రికి వినికిడి లేదని డాక్టరు ధ్రువీకరించినందున, ఈ నెలాఖరు నుంచి ఆయన్ని ఉద్యోగంలోంచి తొలగించడమైనది. క్వార్టరు ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి. కలిపిన షెడ్డుకు మొదటి షెడ్డు మేస్త్రి మేస్త్రిగా ఉంటారు."